పోలవరానికి చుట్టపుచూపు

చుట్టాలింటికి వెళ్ళడం వేరు, వూళ్ళు చూడబోవడం వేరు అని చాలామంది అభిప్రాయం. చుట్టాలింటికి వెడితే వాళ్ళు పెట్టింది తిని, వాళ్ళ కష్టసుఖాలు విని, ఇచ్చిన బట్టలు పుచ్చుకుని తిరిగి రావాలి. వూళ్ళు చూడబోతే సత్రమో హోటలో వెతుక్కుని, గైడు చెప్పింది విని, ఫొటోలు తీసుకుని తిరిగి రావాలి. మొదటిదాంట్లో ఆప్యాయత వుంటుంది గాని విహారం వుండదు. రెండోదాంట్లో విహారం వుంటుంది గాని మనల్ని పేరుపెట్టి పిలిచేవాళ్ళుండరు. ఈ రెండూ ఒక్కచోట దొరికిన అదృష్టవంతుల్లో నేనొకణ్ణి. ఎందుకంటే మా పిన్నిని పోలవరం ఇచ్చారు.

రాజమహేంద్రవరంలో కాలేజీలో తెలుగు పాఠాలు చెప్పుకునే నాకు పోలవరం దూరమేమీ కాదు. వంతెన మీద గోదావరి దాటి, కొవ్వూరులో ఉత్తరంగా తిరిగితే తాళ్ళపూడి, గూటాల, పట్టిసీమ, ఆ తరవాత పోలవరం. మొత్తం 30 పైచిలుకు కిలోమీటర్లు. ఒక పక్క పొలాలూ అరటితోటలూ, ఇంకో పక్క ఏటిగట్టు. బస్సులో కూర్చుంటే గోదావరి అంతసేపూ కనిపించదు. గట్టు తగ్గినచోట తళుక్కుమని, మళ్ళీ దాక్కుంటుంది. మా చిన్నప్పుడు గోదావరిని ముందు ఎవరు చూస్తే వాళ్ళకి పిన్ని ఇంట్లో మొదటి సున్నుండ. ఇప్పుడు మా పిల్లలూ అదే పందెం వేస్తున్నారు.

పోలవరం చేరాక గోదావరికి దాక్కునే పని లేదు. ఇక్కడ నది స్వభావమే వేరు. త్ర్యంబకంలో పుట్టి, మహారాష్ట్రా తెలంగాణా తిరిగి, శబరిని కలుపుకుని వచ్చిన గోదావరికి తూర్పు కనుమలు అడ్డం తగులుతాయి. వాటిని చీల్చుకుని, రెండు కొండల నడుమ సన్నగా, లోతుగా పారుతుంది. అవే పాపికొండలు. ఆడవాళ్ళు తలకి తీసే పాపిడి లాగా నది రెండు కొండల మధ్య పాయ తీసింది గనక పాపిడికొండలు, అవే పాపికొండలు అయినాయని జనం చెప్పుకునే వ్యుత్పత్తి. నేను తెలుగు మేష్టర్ని గనక ఇలాంటి వ్యుత్పత్తులంటే కొంచెం అనుమానంగా చూడాలి. కాని లాంచీలో ఆ మలుపు తిరిగినప్పుడు కొండల్ని చూస్తే వ్యాకరణం గుర్తుకు రాదు. జనం చెప్పిందే నిజమనిపిస్తుంది. పోలవరం దాటితే కొండలకి సెలవు. అక్కడినించి నది వెడల్పై, ధవళేశ్వరం దగ్గర కాటన్ దొర 1852 నాటికి కట్టించిన ఆనకట్ట చోటుకి చేరి, పాయలై సముద్రానికి పోతుంది. అంటే కొండకీ మాగాణానికీ నడుమ గడప పోలవరం. అటు కొండవాళ్ళ చింతపండూ వెదురూ, ఇటు డెల్టా బియ్యమూ బెల్లమూ ఈ గడప మీదే చేతులు మారేవి.

సాహిత్యంలో కూడా పోలవరానికి చోటుంది. ఇరవయ్యో శతాబ్దం తొలినాళ్ళలో పోలవరం జమీందారు కొచ్చర్లకోట రామచంద్ర వెంకటకృష్ణారావుగారు తిరుపతి వేంకట కవులను ఆదరించారు. 'సరస్వతి' అనే పత్రిక నడిపించారు. కాలేజీలో ఈ సంగతి చెప్పేటప్పుడు పోలవరం పేరు వినగానే పిల్లలు “ప్రాజెక్టు, సార్!” అంటారు. వాళ్ళ తప్పు కాదు. వాళ్ళు పుట్టినప్పటినించీ పేపర్లలో పోలవరమంటే ప్రాజెక్టే. నాకు మాత్రం పోలవరమంటే మా పిన్ని ఇల్లు.

ఆ ఇంటికి ఒక చట్టం వుంది. గుమ్మంలో కాళ్ళు కడుక్కుని, మంచినీళ్ళు తాగి, ఇంకా చెమట ఆరకుండానే చేతికి ఏదో ఒక పని వస్తుంది. “వూరికే కూర్చుంటే ఏం మాట్లాడుకుంటాంరా? చెయ్యి ఆడుతుంటే నోరు ఆడుతుంది” అని మా పిన్ని సిద్ధాంతం. పోలవరం సంతకి ఏజన్సీ నించి అడ్డాకులు వచ్చేవి. వాటిని కొని, నీళ్ళు చిలకరించి, గోనెలో చుట్టి వుంచేది. మధ్యాహ్నం భోజనాలయ్యాక చాప పరిచి అందరమూ విస్తళ్ళు కుట్టేవాళ్ళం. మధ్య ఆకు, చుట్టూ ఆకులు, ఈనెపుల్లతో గుచ్చి తుంచడం. చూడ్డానికి సులువుగానే వుంటుంది. చెయ్యి తిరగనివాడు కుట్టిన విస్తట్లో చారు పోస్తే వాడి ఒళ్ళోకే వస్తుంది. ఎవరు కుట్టిన విస్తరి వాళ్ళకే వెయ్యడం మా బాబాయి పద్ధతి. ఇంతకన్నా నికార్సయిన పరీక్ష నేను యూనివర్సిటీలో కూడా చూడలేదు.

సంక్రాంతికి వెడితే పని రెట్టింపు. నెల పట్టిన దగ్గర్నించీ పిల్లలు భోగిపిడకలు చేసి గోడకి కొట్టాలి. నడుమ చిల్లు పెట్టి ఎండాక దండ గుచ్చాలి. ముగ్గులు ఆడపిల్లల పని అంటే మా పిన్ని ఒప్పుకోదు. “చుక్కలు లెక్కపెట్టడానికి మగాడైతే ఏం, ఆడదైతే ఏం?” అని నా చేత కూడా చుక్కలు పెట్టించేది. చుక్కకీ చుక్కకీ ఎడం సరిగ్గా కుదరకపోతే మెలిక ముగ్గు ఆఖరి మలుపులో కలవదు. హైదరాబాదులో కంప్యూటరు ఉద్యోగం చేసే మా పిన్ని కొడుకు పోయిన సంవత్సరం ఆ ముగ్గు చూసి, ఇందులో ఏదో లెక్కల సూత్రం వుందని కాయితం మీద గీతలు గీసి వివరించబోయాడు. పిన్ని అంతా విని, “సూత్రం సరేరా, ముగ్గు చిప్ప పట్టుకో” అంది.

ఈ పనుల్ని ఎవరూ కళ అనరు. మ్యూజియంలో పెట్టరు. సాయంత్రానికి విస్తరి పెంటకుప్ప మీదికి పోతుంది, మర్నాటికి ముగ్గు చెరిగిపోతుంది. అయినా రెండు రోజులు పోలవరంలో వుండి వస్తే నెల్లాళ్ళు మనసు తేలిగ్గా వుండడానికి కారణం ఆ పనులే అని నాకు గట్టి నమ్మకం. చుట్టపుచూపుగా వెళ్ళినవాణ్ణి కుర్చీలో కూర్చోబెట్టి టీవీ పెడితే వాడు గంటకి ఒకసారి గడియారం చూసుకుంటాడు. అదే చేతిలో ఆకూ పుల్లా పెడితే ఇంటివాడై పోతాడు.

ఇక విహారం సంగతి. పోలవరం వెళ్ళిన మూడో నాడో నాలుగో నాడో దేవీపట్నం ప్రయాణం. మా బాబాయి చెల్లెల్ని, అంటే మాకు అత్తయ్యని, ఎగువన ఎడంగట్టు మీదున్న దేవీపట్నం ఇచ్చారు. రేవులో లాంచీ ఎక్కాలి. ఆ రోజుల్లో గోదావరి మీద లాంచీ అంటే బస్సుతో సమానం. పెళ్ళివారూ, సంతకి పోయేవాళ్ళూ, బడిపంతుళ్ళూ, బుట్టల్లో కోళ్ళూ, అన్నీ అందులోనే. 1973లో బాపుగారు తీసిన 'అందాల రాముడు' సినిమాలో జనం రాజమండ్రి నించి భద్రాచలం దాకా గోదావరి మీద చేసిన ప్రయాణమే కథంతా. ఆ సినిమా చూసి ముచ్చటపడ్డవాళ్ళకి అది వినోదం. మా అత్తయ్యకి అది వూరికి దారి.

అత్తయ్య ఇల్లు మట్టిగోడల పెంకుటిల్లు. ముందు పొడుగాటి అరుగు, అరుగు ముందు చింతచెట్టు, చెట్టు దాటితే రేవు మెట్లు. ఆ ఇంట్లో పని వెదురుతో. కొండ మీదినించి దిగే కోయవాళ్ళూ కొండరెడ్లూ చాటలూ తట్టలూ గంపలూ తెచ్చి అరుగు మీద దింపేవారు. వాళ్ళ దగ్గర అత్తయ్య బద్దలు చీల్చడమూ అల్లడమూ నేర్చుకుంది. మాకు చిన్న చిన్న పూలసజ్జలు అల్లడం నేర్పింది. వానాకాలం మొదట్లో వెడితే వెదురుకొమ్ముల కూర పెట్టేది. లేత మొలకల్ని సన్నగా తరిగి, నానబెట్టి, ఉడికించి నీళ్ళు వారిస్తేగాని చేదు పోదు. అంత ఓపిక వున్నవాళ్ళు పెడితేనే అది కూర. సాయంత్రాలు రేవు మెట్ల మీద కూర్చుంటే అవతలి కొండ నీడ నీళ్ళ మీద మెల్లిగా పాకుతూ మన కాళ్ళ దగ్గరికి వచ్చేది. అది కాళ్ళు తాకగానే దీపాలు పెట్టే వేళయిందని అత్తయ్య లేచేది.

ఈ మాటలన్నీ 'పెట్టేది', 'వచ్చేది' అని ఎందుకు రాస్తున్నానో పాఠకులు గ్రహించే వుంటారు. ఆ దేవీపట్నం ఇప్పుడు అలా లేదు.

గోదావరికి ఇక్కడ అడ్డుకట్ట వెయ్యాలన్న ఆలోచన నిన్నటిది కాదు. 1940లలోనే మద్రాసు ప్రెసిడెన్సీ ఇంజనీరు ఎల్. వెంకటకృష్ణ అయ్యరుగారు ఈ ప్రాంతాన్ని సర్వే చేసి 'రామపాద సాగరం' అని పేరుపెట్టి పథకం తయారుచేశారు. అది కాయితాల మీద చాలా ఏళ్ళు నిద్రపోయింది. 2004 తరవాత పనులు మొదలైనాయి. 2014లో జాతీయ ప్రాజెక్టు అయింది. 48 గేట్ల స్పిల్‌వే లేచింది. 2021 జూన్‌లో నదిని పాత దారి నించి మళ్ళించి ఆ గేట్ల మీదుగా పంపారు. పొలాలకి నీరూ, పట్నాలకి మంచినీళ్ళూ, కరెంటూ వస్తాయన్నది దాని ప్రయోజనం. డెల్టాలో పుట్టి, కాటన్ దొర పుణ్యాన కాలవ నీళ్ళతో పండిన అన్నం తిని పెరిగినవాణ్ణి, ఆనకట్టల మీద నేను రాళ్ళు వెయ్యలేను. కాని నీరు నిలవాలంటే వెనక వూళ్ళు మునగాలి. ఆ మునిగే వూళ్ళలో మా అత్తయ్య వూరు ఒకటి.

వరదలు ఆమెకి కొత్తవి కావు. 1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర గోదావరి 75 అడుగులు దాటినప్పుడు సామానంతా అటక మీద పెట్టి, మేకల్ని తోలుకుని కొండ ఎక్కారు. నీళ్ళు తీశాక దిగివచ్చి, ఇంట్లో చేరిన ఒండ్రు ఎత్తిపోసి, అదే మట్టితో గోడలు మెత్తుకున్నారు. “గోదారి వచ్చేది, పోయేది. ఇప్పుడొచ్చేది పోదటగా?” అని అత్తయ్య ఒక్కసారే అడిగింది. బాబాయి జవాబు చెప్పలేదు. 2022 జులైలో మళ్ళీ భద్రాచలం దగ్గర 71 అడుగులు దాటేనాటికి వాళ్ళు గోకవరం వైపు కట్టిన పునరావాస కాలనీకి వచ్చేశారు.

నదిలో ఎదురెక్కి పోయే చుట్టరికానికి ఇప్పుడు చుట్టుతోవ. పోలవరం నించి కొవ్వూరు వచ్చి, రాజమండ్రి చేరి, కోరుకొండ మీదుగా గోకవరం పోవాలి. లాంచీలో కునుకు తీసే దారికి బదులు రెండు బస్సులూ ఒక ఆటో. మొదటిసారి వెళ్ళినప్పుడు కాలనీలో ఇళ్ళన్నీ ఒకేలా వున్నాయి. ఒకే కొలత, ఒకే రంగు, వరసకి వరస. సిమెంటు కప్పు, కరెంటు, గుమ్మం ముందు రోడ్డు. వానకి కారదు. అత్తయ్యే చెప్పింది, మొదటి వారంలో దుకాణానికి వెళ్ళి వచ్చేటప్పుడు తన ఇల్లు తనకే తెలియక మూడు గుమ్మాలు తట్టానని. నవ్వుతూనే చెప్పింది గాని, మేమెవ్వరమూ నవ్వలేదు.

ఆ ఇంటికి లేనిదల్లా అరుగు. “అరుగు లేని కొంపకి చుట్టం ఎలా వస్తాడు? దారిని పోయేవాడు ఎక్కడ కూర్చుంటాడు?” అని ఆమె బెంగ. ప్లానులో అరుగు లేదు గనక ఎవరూ కట్టించరు. కాలనీలో పనులయ్యాక మిగిలిపోయిన విరిగిన ఇటుకలు అడిగి తెచ్చుకుంది. మామయ్యకి మోకాళ్ళు నెప్పులు, కొడుకు రాజమండ్రిలో పనికి పోతాడు. పోయిన సంక్రాంతికి ముందు పిన్ని, బాబాయి, మేమూ, మా పిల్లలూ కలిసి వెళ్ళాం. మా బాబాయి తాడు కట్టి గీత చూశాడు. నేనూ అత్తయ్య కొడుకూ ఇటుకలు పేర్చాం. పిల్లలు మట్టి తొక్కారు. ఆడవాళ్ళు మెత్తారు. రెండు రోజుల్లో గుమ్మానికి ఎడంపక్క ఆరడుగుల అరుగు లేచింది. అత్తయ్య దాన్ని అలికి, ఎర్రమన్ను పూసి, అంచున పిండిముగ్గు కర్ర వేసింది. ఇప్పుడా వరసలో ఆమె ఇల్లు వెతుక్కోనక్కర్లేదు.

అరుగు ఆరకముందే పక్కింటి ముసలమ్మ వచ్చి చెయ్యి వేసి చూసింది. దేవీపట్నంలో ఆమెది అవతలి వీధి. అయిదు నిమిషాలు నిలబడి, “మాకూ కొన్ని ఇటుకలు మిగిలాయమ్మా” అంది. మర్నాడు పని ఆ ఇంట్లో. పండగ వెళ్ళేలోగా ఆ వీధిలో మూడు అరుగులైనాయి. రెండోదానికి మా పిల్లలే మేస్త్రీలు.

పండగ నాలుగు రోజులూ మధ్యాహ్నాలు ఆ అరుగు మీదే బొంత కుట్టారు. పిన్నివీ అత్తయ్యవీ మా ఆవిడవీ పాత నేతచీరలు నాలుగైదు పొరలుగా పరిచి, అంచులు లోపలికి మడిచి, నలుగురు నాలుగు పక్కల కూర్చుని టాకాలు వేసుకుంటూ మధ్యకి రావాలి. పొరలు జారకుండా వుండాలంటే నలుగురి చెయ్యీ ఒకే వేగంతో నడవాలి. ఆ వేగం కుదరడానికే కబుర్లు. ఎవరి పెళ్ళిలో కట్టిన చీర ఇది, ఏ వరదలో తడిసిన మరక అది, ఇలా సాగుతుంది. అత్తయ్య దేవీపట్నం గురించి బాధపడకుండా మాట్లాడడం నేను మొదటిసారి విన్నది అక్కడే.

అన్నీ వెంట వచ్చేస్తాయని చెబితే అబద్ధమే అవుతుంది. చింతచెట్టు రాలేదు. రేవు రాలేదు. కొండ దిగివచ్చి అరుగు మీద తట్టలు దింపే కొండరెడ్లు ఒక్కో కుటుంబం ఒక్కో కాలనీకి పోయింది. వెదురు కావాలంటే ఇప్పుడు డబ్బిచ్చి కొనాలి. కొండ నీడ కాళ్ళ దగ్గరికి వచ్చే సాయంత్రం ఏ ప్యాకేజీలోనూ లేదు. అత్తయ్యని అడిగితే, “ఇల్లు పోయింది గాని చెయ్యి పోలేదు కదరా” అంటుంది. ఆ మాటలో ధైర్యమెంతో బాధా అంతే వుంది. రెండూ వినాలి.

ఇంతకీ విహారానికి ఇప్పుడు ఎక్కడికి వెడుతున్నామంటే, పట్టిసీమకి. పోలవరానికి ఎంతో దూరం లేదు. గోదావరి నడుమ చిన్న కొండ, దేవకూటాద్రి. పైన వీరభద్రస్వామి, భద్రకాళి. పక్కనే భావనారాయణస్వామి క్షేత్రపాలకుడు. దక్షయజ్ఞాన్ని ధ్వంసం చేసిన వీరభద్రుడు తన పట్టిసమనే ఆయుధాన్ని ఇక్కడ కడిగాడనీ, అందుకే ఈ పేరనీ స్థలపురాణం. శివరాత్రికి ఇసక వేస్తే రాలనంత జనం. మేము మాత్రం ఆ రద్దీ పోయాక, ఎండలు ముదరకముందు వెడతాం. నీళ్ళున్నప్పుడు పడవ. నది సన్నబడితే ఇసకలో నడక. పులిహోరా దద్దోజనమూ డబ్బాల్లో, మేము కుట్టిన విస్తళ్ళు సంచీలో. పిల్లలు తడి ఇసకతో పుట్టగూళ్ళు కడతారు. కాలు పెట్టి, మీద ఇసక తట్టి, మెల్లిగా కాలు లాగాలి. ఇది కూడా అందరికీ రాదు.

ఒడ్డునే పట్టిసీమ ఎత్తిపోతల పథకం వుంది. 2015లో మొదలైంది. 24 పంపులు. వరద రోజుల్లో గోదావరి నీళ్ళు తోడి పోలవరం కుడికాలవలో పోస్తే అవి పోయి పోయి ఇబ్రహీంపట్నం దగ్గర కృష్ణలో కలుస్తాయి. మొదటిసారి ఆ సంగతి చెప్పినప్పుడు మా పిన్ని, “అయితే గోదారమ్మ కూడా కృష్ణమ్మ ఇంటికి చుట్టపుచూపుగా పోతోందన్నమాట” అంది. నేను క్లాసులో ఆ మాట వాడుకుంటూ వుంటాను.

పాపికొండలు చూడాలనుకునే పాఠకులకి ఒక మాట. రాజమండ్రి రేవులో ఎక్కి ఒకే పడవలో పైదాకా పోయే రోజులు స్పిల్‌వేతో ముగిశాయి. ఇప్పుడు రోడ్డు మీద ఆనకట్ట పైకి వెళ్ళి, గండిపోచమ్మ గుడి దగ్గర పడవ ఎక్కాలి. వరద రోజుల్లో పడవలుండవు. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర షికారు పడవ మునిగి ఎన్నో కుటుంబాలు శోకం పాలైనాయి. ఆనాటినించీ మా పిన్ని, లైఫ్ జాకెట్ కట్టుకోని పిల్లవాణ్ణి ఏ పడవా ఎక్కనివ్వదు. మీరూ ఎక్కనివ్వకండి. ఇంకో మాట. పోలవరంలోనో, ఇంకో వూళ్ళోనో మీకు ఒక పిన్నో అత్తయ్యో వుండే వుంటారు. ఈసారి వెళ్ళినప్పుడు పళ్ళ సంచీ గుమ్మంలో పెట్టి తిరిగి రాకుండా, ఆ ఇంట్లో ఏ పని నడుస్తుంటే ఆ పనిలో ఒక చెయ్యి వెయ్యండి.

ఈ వేసవికి అరుగు మీద తాటాకు పందిరి వెయ్యాలని అత్తయ్య హుకుం. పడమటెండ సూటిగా పడుతోందిట. ఆకులు పోలవరం నించి మేము పట్టుకుపోవాలి, రాటలు వాళ్ళు చూసుకుంటారు. మా పిల్లలు అప్పుడే రోజులు లెక్కపెడుతున్నారు.